బస్తాల కరవు, రాతల కరవు

2023 జూలై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. స్వదేశంలో బియ్యం ధర పేదవాడికి అందకుండా పోకూడదన్నది ఉద్దేశం. ఆ వార్త వినగానే అమెరికాలో తెలుగువారు సోనా మసూరి బస్తాల కోసం దుకాణాల ముందు బారులు తీరారు. మనిషికి ఒక్క బస్తాయేనని కొన్ని దుకాణాలు నియమం పెట్టవలసి వచ్చింది. నిషేధం లేని బాస్మతి పక్క అరలోనే ఉంది. కానీ దానితో చారన్నం కుదరదు కదా!

ఇంత ప్రహసనం కళ్లెదుట నడిచినా, ప్రవాస రచయితల పాత నిట్టూర్పు మారలేదు: కడుపు నిండిన చోట వస్తువు దొరకదట, కష్టం లేనిదే కలం కదలదట. ఇది చెల్లని వాదం.

లేమి దానంతటదే హాస్యాన్ని పుట్టించదు. పలనాటి జొన్నకూటిని, నీటి ఎద్దడిని తిట్టుకుంటూ శ్రీనాథుడు చెప్పినవిగా ప్రచారంలో ఉన్న చాటువులు నేటికీ నవ్విస్తున్నాయంటే కారణం దాహం కాదు, ఆ దాహంతోనే శివుణ్ణి నిలదీసిన చనువు. ముళ్లపూడి వెంకటరమణ ‘రుణానందలహరి’లో అప్పారావు చేసే అప్పులు నవ్విస్తున్నాయంటే కారణం పేదరికం కాదు, దానిని చూసిన చూపు. ఆ చూపుకు వీసా అక్కరలేదు.

ఉన్నవాడు కొరతపై నవ్వడం క్రూరం కాదా అని అడగవచ్చు. ఆకలిగొన్నవాణ్ణి చూసి నవ్వితే క్రూరమే. కానీ ఇక్కడ నవ్వవలసింది ఆకలిని చూసి కాదు, నిండిన కడుపులోని భయాన్ని చూసి. ఎవరి అన్నం కోసం ఆ నిషేధం వచ్చిందో ఒక్కసారైనా తలవకుండా గరాజు నింపుకున్న తొందరను చూసి.

నిజానికి రచయితలూ చేస్తున్నది ఆ నిల్వే. వదిలి వచ్చిన ఊరి చెరువును, అమ్మమ్మ ఆవకాయను, తొలకరి మట్టివాసనను బస్తాలకెత్తి తెచ్చుకుని, ఏటా కాస్త తీసి వండుతున్నారు. ముప్ఫై ఏళ్లనాటి సరుకుకు పురుగు పట్టిందని పాఠకుడికి తెలుస్తూనే ఉంది. అది అయిపోవస్తే ‘రాత ఎండిపోయింది’ అంటున్నారు.

ఎండినది రాత కాదు. తమను తాము చూసుకుని నవ్వగల ధైర్యం. బియ్యంపై ఆ నిషేధం 2024 సెప్టెంబరులో తొలగిపోయింది. సాటి ప్రవాసి గురించి నిజం రాయకూడదన్న నిషేధాన్ని మాత్రం ఏ ప్రభుత్వమూ విధించలేదు కనుక, దానిని తొలగించవలసింది రచయితలే.