ఒంటరి పుంజు

పెళ్ళిచూపులంటే మన ఇళ్ళల్లో పిల్ల తలవంచుకుని కూర్చోవడం. నెబ్రాస్కా గడ్డిమైదానాల్లో తీరు వేరు. అక్కడ ఆడి చూపించేది పుంజు, నచ్చాడో లేదో తేల్చేది పెట్ట!

కిందటి ఏప్రిల్లో మా తమ్ముడు నన్నక్కడికి తీసుకువెళ్ళాడు. తెల్లవారకముందే ఓ చిన్న చెక్కగదిలో మాటువేసి కూర్చున్నాం. పక్షులు వెళ్ళేదాకా తలుపు తీయకూడదు. తూర్పు తెల్లబడేసరికి ప్రయిరీ కోడిపుంజులు చేరాయి. మెడ ఈకలు కొమ్ముల్లా నిక్కించి, నారింజరంగు తిత్తులు ఉబ్బించి, కాళ్ళతో నేలను టపటప కొడుతూ, ఖాళీసీసా మూతిమీద ఊదినట్టు కూస్తాయి. ఆ కూత మైలు దూరం వినిపిస్తుంది. పెట్టలు మాత్రం సంతలో బేరం తెలిసిన ఇల్లాళ్ళలా నింపాదిగా తిరుగుతాయి. చివరికి ఏ ఒకటి రెండు పుంజులకో వరమాల! పొదగడం, పిల్లల్ని సాకడం అంతా పెట్టదే.

ఈ జాతిలోనే 'హీత్ కోడి' అనే తెగ అమెరికా తూర్పుతీరాన ఉండేది. వేటకు బలై, చివరికి మార్తాస్ వినియార్డ్ ద్వీపంలోనే మిగిలింది. 1908లో అక్కడ రక్షితభూమి ఏర్పరిస్తే సంఖ్య బాగా పెరిగింది. 1916లో, సరిగ్గా పొదిగే రోజుల్లో, కార్చిచ్చు రేగింది. గుడ్లు వదలని పెట్టలు ఎన్నో మాడిపోయాయి. మిగిలినవాటిలో పుంజులే ఎక్కువ. ఆపైన గద్దలు, రోగాలు. 1929 నాటికి ఒక్క పుంజే ఉంది. పెట్ట లేకపోయినా అది పాత ఆటస్థలానికి వచ్చేది. 1932 మార్చి 11 తరవాత మరెవరికీ కనబడలేదు.

చూసేవాళ్ళ కళ్ళన్నీ పుంజు ఆటమీదే. జాతి నిలిచేది మాత్రం గడ్డిచాటున కదలక కూర్చున్న పెట్టవల్ల. ఆటకు టిక్కెట్టు కొనే చేతులు, ఆ గడ్డిని కాపాడడానికీ కాస్త విప్పాలి.