ముసలమ్మను ఎవరడిగారు?

స్పెయిన్‌లోని గ్రనాడాలో 2009లో తయారైన ‘లా దామా ఈ లా ముఎర్తె’ ఎనిమిది నిమిషాల యానిమేషన్ చిత్రం. దర్శకుడు హవియెర్ రెసియో గ్రాసియా. నిర్మాతల్లో నటుడు ఆంటోనియో బాండెరాస్ ఒకరు. స్పెయిన్‌లో గోయా పురస్కారం గెలుచుకుంది. ఆస్కార్ తుది జాబితా దాకా వెళ్లి, ‘లోగోరామా’ చేతిలో ఓడింది.

పల్లెలో ఒంటరి ముసలమ్మ. పెనిమిటి ముందే పోయాడు. ఆయన్ని చేరుకోవాలని పిలుపు కోసం కాచుక్కూచుంది. ఓ రాత్రి నిద్దట్లో నల్ల ముసుగేసుకుని మృత్యువు రానే వచ్చాడు. ఆవిడ సంబరంగా వెంట నడిచింది. గడప దాటబోతుండగా కళ్లు తెరుచుకున్నాయి. చూస్తే ఆస్పత్రి! ఎదురుగా జబ్బలు చరుచుకుంటున్న డాక్టరుగారు. ఇక చూడండి, ఆవిడ ప్రాణం కబడ్డీ కోర్టే. ఆయన అటు లాగుతాడు, ఈయన ఇటు గుంజుతాడు. ఒక్క మాట లేకుండానే పొట్టచెక్కలయ్యేలా నవ్విస్తారు. పంతం ముదిరాక మాత్రం ఇద్దరిలో ఎవరికీ ముసలమ్మ మొహం చూసే తీరిక ఉండదు. ముగింపు చెప్పను. ఆవిడ ఊరుకునే రకం కాదు, అంతే.

చావుతో పరాచికాలు మనకూ కొత్త కాదు. ‘దేవాంతకుడు’ (1960), ‘యమగోల’ (1977), ‘యముడికి మొగుడు’ (1988), ‘యమలీల’ (1994)... చివరి మూడింట్లో యముడిగా కైకాల సత్యనారాయణ కిరీటం పెట్టుకుని గద్దిస్తే హాలు గొల్లుమనేది. అయితే మన నవ్వంతా యమలోకం అనే సర్కారీ కొలువు మీద: చిట్టా తప్పింది, పుస్తకం పోయింది, చిత్రగుప్తుడు నీళ్లు నమిలాడు. చాలా వాటిల్లో హీరో భూమ్మీదికి తిరిగి రావాలనే చూస్తాడు. కుర్రాడు గనక సబబే. వెళ్లిపోతానంటున్న పండుటాకు వైపునుంచి మనం నవ్వింది తక్కువ.

మన ఇళ్లలోనూ అంతే. ‘ఇక నన్ను పోనివ్వండిరా’ అని పెద్దావిడ అంటే ‘అవేం మాటలు, నోరు మూసుకో’ అంటాం. రేపు ఆవిడ ఐసీయూలో పడితే గొట్టాలు పెట్టాలా వద్దా అన్నది బయట బెంచీ మీద కొడుకులూ, అమెరికా నుంచి ఫోన్లో కూతురూ తేలుస్తారు. వాళ్లది ప్రేమ కాదని ఎవరూ అనరు. నలుగురేమంటారోనన్న భయం పాలు కూడా అందులో ఉంటుంది. సినిమాలోని డాక్టరుది పంతం, మనది మొహమాటం. మంచం మీద మనిషికి రెండూ ఒకటే.

మరి ఆ మనిషి మాటకు చట్టంలో చోటుందా? స్పెయిన్ 2021లో కారుణ్య మరణాన్ని చట్టబద్ధం చేసింది. మన సుప్రీంకోర్టు అంత దూరం పోలేదు. కోలుకునే ఆశ లేనప్పుడు కృత్రిమంగా ప్రాణం నిలిపే చికిత్స తనకు వద్దని ముందే రాసిపెట్టుకునే హక్కును మాత్రం 2018 మార్చి 9న గుర్తించింది. మెజిస్ట్రేటు సంతకం కావాలన్న నిబంధన వల్ల అది కాగితం మీదే మిగిలింది. 2023 జనవరిలో ఆ ముడి విప్పారు. ఇప్పుడు ఆ పత్రం రాయడానికి ఇద్దరు సాక్షులు, ఒక నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఉంటే చాలు.