నెల జీతం లేని ఒపేరా

2022 నవంబర్ 4న, ప్రజల డబ్బును కళాసంస్థలకు పంచే ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్ తన గ్రాంట్ల జాబితా విడుదల చేసింది. ఏటా 1.26 కోట్ల పౌండ్ల దాకా అందుకుంటూ వచ్చిన ఇంగ్లిష్ నేషనల్ ఒపేరా పేరు అందులో లేదు. లండన్ వదిలి మరో నగరానికి మకాం మారిస్తే మూడేళ్ళకు కలిపి 1.7 కోట్ల పౌండ్లు ఇస్తామన్నారు. లండన్‌లో ఉండాలా, ఊరు మారాలా అన్న దాని మీదే అప్పట్లో చర్చంతా నడిచింది. అంతకంటే పెద్ద విషయం ఏడాది తర్వాత, 2023 అక్టోబర్‌లో బయటపడింది. ఆర్కెస్ట్రాలో 19 ఉద్యోగాలు తీసేసి, మిగిలినవాళ్ళను ఏడాదిలో కొన్ని నెలలకే పనిలో ఉంచుకుంటామని సంస్థ ప్రతిపాదించింది. సంగీత దర్శకుడు మార్టిన్ బ్రాబిన్స్ ఆ ప్రతిపాదనను తట్టుకోలేక రాజీనామా చేసి వెళ్ళిపోయారు.

కోరస్ గాయకులకు ఈ దెబ్బ కొత్త కాదు. 2016లో వాళ్ళ పన్నెండు నెలల ఒప్పందాన్ని తొమ్మిది నెలలకు కుదించారు. సమ్మె దాకా వెళ్ళి, చివరికి రాజీపడ్డారు. అదే వసంతంలో లండన్ రంగస్థలానికి అతి పెద్ద గౌరవమైన ఆలివియర్ అవార్డు ఆ కోరస్‌కూ ఆర్కెస్ట్రాకూ కలిపి వచ్చింది. దేశమంతా చప్పట్లు కొట్టిన ఆ గొంతులకు మూడు నెలల జీతం పోయింది. 2024 ఫిబ్రవరి 1న కోరస్, ఆర్కెస్ట్రా కలిసి సమ్మెకు దిగాల్సి ఉండగా ఆఖరి రోజుల్లో ఒప్పందం కుదిరింది. కోరస్‌కు ఆరు నెలలు ఇస్తామన్న యాజమాన్యం ఏడు నెలలకు ఒప్పుకుంది. యూనియన్ పోరాడి తెచ్చుకున్న ఆ ఒక్క నెలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఎనిమిదేళ్ళలో పన్నెండు ఏడైంది.

మిగతా ఐదు నెలలు వాళ్ళేం చేస్తారు? పిల్లలకు ప్రైవేటు పాఠాలు చెప్పుకోవచ్చు, చర్చిలో పాడుకోవచ్చు, పెళ్ళిళ్ళకు వెళ్ళొచ్చు, ఎక్కడైనా ఎవరికైనా జ్వరం వస్తే బదులుగా పోవచ్చు. బ్రిటన్‌లో చాలామంది సంగీతకారులు బతుకుతున్నది ఇలాగే. అయితే గొంతును ఐదు నెలలు బీరువాలో పెట్టి తాళం వేయడం కుదరదు. మైకు లేకుండా, 2,300 మందికి పైగా పట్టే లండన్ కొలీజియంలో చివరి వరుస దాకా వినిపించే గొంతుకు రోజూ సాధన కావాలి. నలభై మంది ఒకే ఊపిరిగా పాడాలంటే ఆ నలభై మందీ ఏళ్ళ తరబడి ఒకరి పక్కన ఒకరు నిలబడి ఉండాలి. పక్కవాడు ఎక్కడ ఊపిరి తీస్తాడో చూడకుండానే తెలియాలి. అలాంటి బృందాన్ని సీజన్ వచ్చినప్పుడు పిలిచి, అయిపోగానే పంపేస్తే నిలబడదు. ఈ కళలో నెల జీతాన్ని ఖర్చు పద్దు కింద రాసి పక్కన పెట్టలేం. వినిపించే నాదంలో అది కూడా ఒక భాగం.

ఖర్చు ఎందుకింత అవుతుందన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు 1966లోనే విలియం బామోల్, విలియం బోవెన్ అనే ఇద్దరు అమెరికా ఆర్థికవేత్తలు చెప్పారు. బీతోవెన్ రాసిన ఒక క్వార్టెట్‌ను ఆయన కాలంలో నలుగురు అరగంట వాయిస్తే, ఇవాళా నలుగురు అరగంటే వాయించాలి. ఈలోగా ఫ్యాక్టరీలో ఒక కార్మికుడు గంటలో తయారుచేసే సరుకు ఎన్నో రెట్లు పెరిగింది, దాంతోపాటు కూలీ పెరిగింది. వాద్యకారుడు కూడా అదే బజారులో బియ్యం కొనాలి, అదే ఊళ్ళో అద్దె కట్టాలి కాబట్టి అతని జీతమూ పెరగక తప్పదు. కానీ ముగ్గురితో క్వార్టెట్ వాయించి ఆ డబ్బు మిగిల్చుకోలేం. కాబట్టి టికెట్ ఆదాయానికీ ఖర్చుకూ మధ్య ఉండే అగాధం ఏటికేడు పెరుగుతుంది. ఇందులో మేనేజర్ల చేతకానితనం గానీ, కళాకారుల దురాశ గానీ లేదు. ఆ పని తీరే అంత. కాబట్టి ఎవరో ఒకరు, ప్రభుత్వమో దాతలో, ఆ తేడా భరించాలి. భరించకూడదని ఒక సమాజం నిర్ణయించుకుంటే ఆ మాట తేల్చి చెప్పడం నిజాయితీ. సంస్థను ఉంచుతామంటూనే అందులో పనిచేసేవాళ్ళ ఏడాదిని ముక్కలు చేయడం మాత్రం నాకు మింగుడుపడదు.

జర్మనీ వైపు చూస్తే ఈ లెక్క ఇంకాస్త స్పష్టమవుతుంది. ప్రపంచంలో మరెక్కడా లేనన్ని ఒపేరా థియేటర్లు ఆ దేశంలో ఉన్నాయి. ప్రభుత్వ డబ్బుతో నడిచేవే ఎనభైకి పైన. ఆర్కెస్ట్రాలు దాదాపు 130. రెండు జర్మనీలు కలిసిన కొత్తలో, 1992లో, ఇవి 168 ఉండేవి. విలీనాల పేరుతో, పొదుపు పేరుతో చాలా పోయాయి. అయినా ఉన్నవాటిలో ఆర్కెస్ట్రా సభ్యుడంటే నిజమైన ఉద్యోగి. ఏడాదో, కొంచెం అటూ ఇటో ప్రొబేషన్, తోటి వాద్యకారుల ఓటు, ఆ తర్వాత రిటైరయ్యేదాకా భద్రత, జాతీయ స్థాయి వేతన ఒప్పందం. కోరస్ పరిస్థితీ ఇంచుమించు అంతే.

అదే థియేటర్‌లో, వాళ్ళకు నాలుగడుగుల ఎత్తున వేదిక మీద నిలబడి పాడే సోలో గాయని పరిస్థితి చూడండి. ఆమెది ఏడాది ఒప్పందం. దాన్ని మరో ఏడాదికి పొడిగించడం లేదని యాజమాన్యం ఏటా అక్టోబర్ 31 లోపు చెప్పవచ్చు. గొంతు బాగాలేదని నిరూపించనక్కర్లేదు. కొత్త డైరెక్టర్ వచ్చాడు, ఆయన అభిరుచి వేరు అన్న కారణం చాలు. డైరెక్టర్ మారినప్పుడు మొత్తం సోలో బృందం చెదిరిపోయిన ఊళ్ళున్నాయి. పదిహేనేళ్ళు ఒకేచోట పనిచేస్తే ఇక తీసేయడం కుదరదు కాబట్టి, ఆ గీత దాటకముందే సాగనంపడం అక్కడ అందరికీ తెలిసిన వ్యవహారం. ఇంత చేసి, ఈ ఒప్పందాల కింద కనీస జీతం ఎన్నో ఏళ్ళు నెలకు 2,000 యూరోలకు అటూ ఇటూగానే ఉండిపోయింది. యూనియన్లు గట్టిగా నిలబడితే 2022లో 2,500 దాటింది. పోస్టర్ మీద పేరు పడేది ఆమెదే, గులాబీలు అందేదీ ఆమెకే. పదేళ్ళ ఇంటి రుణం కావాలని బ్యాంకుకు వెళితే మాత్రం వేదిక ముందు ఆర్కెస్ట్రా వాయించే పిట్‌లో చివరి వరుసలో కూర్చునే వయోలా వాద్యకారుడికే ముందు దొరుకుతుంది.

ఏ థియేటర్‌లోనూ ఉద్యోగం లేకుండా ఊరూరా తిరిగే గాయకుల సంగతి ఇంకా కష్టం. ఒక నిర్మాణానికి ఐదారు వారాలు రిహార్సల్ ఉంటుంది. చాలాచోట్ల అసలు పారితోషికం ప్రదర్శనకు ఇంత అని కడతారు. రిహార్సల్ వారాలకు ఖర్చులకు సరిపడా ఇస్తే గొప్ప. తొలి ప్రదర్శన నాడు జలుబు చేస్తే ఆ రాత్రి డబ్బు పోయినట్టే. విమానం టికెట్, అద్దె గది, ఏజెంటు కమీషన్ అప్పటికే ఖర్చయిపోయి ఉంటాయి. పైగా ఈ వాయిద్యం శరీరంలోనే ఉంది. ఫ్రెంచ్ సొప్రానో నతాలీ దెస్సే కీర్తి శిఖరాన ఉండగానే స్వరతంత్రులకు రెండుసార్లు శస్త్రచికిత్స చేయించుకోవాల్సి వచ్చింది. 2013లో, 48 ఏళ్ళకే, ఒపేరా వేదిక నుంచి తప్పుకున్నారు. గొంతు పండేదాకా ముప్పై ఏళ్ళు రావాలి, వాగ్నర్ లాంటి బరువైన పాత్రలకైతే ఇంకా ఆలస్యం. సంపాదించగలిగే కాలం ఆ తర్వాత ఎంత మిగులుతుందో లెక్క వేసుకోవచ్చు. పేరున్న గాయకుల సంపాదన గురించి వచ్చే కథనాలు చదివి ఈ వృత్తి మొత్తం అలాగే ఉంటుందనుకోవడం అన్యాయం.

ఆర్కెస్ట్రాలో చేరడం తేలికేమీ కాదు. ఒక కుర్చీ ఖాళీ అయితే వందమందికి పైగా పోటీకి వస్తారు. అమెరికాలో తొలి రౌండు తెర చాటున జరుగుతుంది. అభ్యర్థికి పేరుండదు, ఒక నంబరుంటుంది. మడమల చప్పుడు విని ఆడమనిషో మగవాడో పోల్చకుండా దారిలో తివాచీ పరుస్తారు. మాట్లాడకూడదు. అడగాల్సింది ఉంటే పక్కనున్న సహాయకుడి చెవిలో చెప్పాలి. వయొలిన్ అయితే మొజార్ట్ కాన్సర్టో మొదటి భాగం, ఆ వెంటనే రిచర్డ్ స్ట్రౌస్ ‘డాన్ హువాన్’ మొదటి పేజీ. ఆ పేజీలో చేయి ఒక్క క్షణం తడబడినా తెరకు అవతలి నుంచి ‘థాంక్యూ’ అనే మాట వినిపిస్తుంది. ఐదారేళ్ళ వయసు నుంచి చేసిన సాధన ఆ కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది.

ఈ తెర పద్ధతిని బోస్టన్ సింఫనీ 1952లో మొదలుపెట్టింది. అమెరికాలోని అయిదు అగ్ర ఆర్కెస్ట్రాల్లో 1970లో స్త్రీలు నూటికి ఐదుగురు కూడా లేరు, 1997 నాటికి పాతికమంది అయ్యారు. దీనికి తెర ఒక్కటే కారణమా అన్నదాని మీద పరిశోధకుల్లో వాదన ఉంది. సంగీత కళాశాలల నుంచి బయటికొచ్చే అమ్మాయిల సంఖ్యా పెరిగింది కదా. వియన్నా ఫిల్‌హార్మోనిక్ స్త్రీని సభ్యురాలిగా తీసుకోవడానికి ఆ 1997 దాకా ఆగింది. అయితే తెర కుర్చీ దాకానే కాపాడుతుంది. ఎలిజబెత్ రో 2004లో అదే బోస్టన్‌లో ప్రధాన ఫ్లూట్ వాద్యకారిణి అయ్యారు. పక్క కుర్చీలోని ప్రధాన ఓబో వాద్యకారుడికి తనకంటే ఏటా 70,000 డాలర్ల దాకా ఎక్కువ వస్తోందని, 2018లో మసాచుసెట్స్‌లో సమాన వేతన చట్టం అమల్లోకి వచ్చిన మర్నాడే కోర్టుకెక్కారు. మరుసటి ఏడాది రాజీ కుదిరింది. ఆ ఓబో వాద్యకారుడు ఆమె ప్రతిభను బాహాటంగా మెచ్చుకున్నవాడే. లోపం జీతాలు మాట్లాడుకునే గదిలో ఉంది.

ఇక పిట్ లోపలి బతుకు. 2012 సెప్టెంబర్ 1న లండన్ రాయల్ ఒపేరా హౌస్‌లో వాగ్నర్ ‘డీ వాల్‌క్యూరె’ రిహార్సల్ జరుగుతోంది. ఇరుకు పిట్‌లో బ్రాస్ వాయిద్యాలన్నింటినీ ఒకచోటికి చేర్చారు. వాటికి సరిగ్గా ముందు కూర్చున్న ఒక వయోలా వాద్యకారుడి కుడి చెవి వెనక ట్రంపెట్లు. శబ్దం 130 డెసిబెల్స్ దాటిన క్షణాలున్నాయి. ఆయన వినికిడి దెబ్బతింది, సంగీతంతో జీవితం ముగిసింది. సంగీతం అందంగా ఉండాలంటే కొంత నష్టం తప్పదన్న వాదనను 2018లో హైకోర్టు ఒప్పుకోలేదు. 2019లో అప్పీలు కోర్టు కూడా తీర్పును నిలబెట్టింది. ఒపేరా హౌస్ కూడా ఒక పనిచోటేనని, అక్కడా కార్మిక చట్టం వర్తిస్తుందని చెప్పిన ఆ తీర్పు ఈ వృత్తికి ఎంతో అవసరం.

జీతం ఆపితే ఏమవుతుందో చూసిన ఊళ్ళున్నాయి. భారీ కోతలకు వాద్యకారులు ఒప్పుకోలేదని మిన్నెసోటా ఆర్కెస్ట్రా యాజమాన్యం 2012 అక్టోబర్ నుంచి 2014 జనవరి దాకా వాళ్ళను బయట నిలబెట్టింది. ఆ కాలంలో కొందరు వేరే ఆర్కెస్ట్రాలకు వెళ్ళిపోయారు, సంగీత దర్శకుడు ఓస్మో వాన్‌స్కా రాజీనామా చేశారు, తర్వాత తిరిగొచ్చారు. రోమ్ ఒపేరా 2014లో కోరస్, ఆర్కెస్ట్రా మొత్తం 182 మందిని ఒక్క తీర్మానంతో తీసేయాలనుకుని, గగ్గోలు లేస్తే వెనక్కి తగ్గింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా 2020 మార్చిలో కరోనాతో తలుపులు మూసుకున్నాక ఆర్కెస్ట్రా, కోరస్ సభ్యులు దాదాపు ఏడాది జీతం లేకుండా గడిపారు. కొందరు ఊరొదిలారు, కొందరు ముందే రిటైరయ్యారు. 2021 సెప్టెంబర్‌లో తెర లేచింది. ఆ వెళ్ళినవాళ్ళు తమతో తీసుకుపోయిన అనుభవం మాత్రం తెర లేవగానే తిరిగి రాలేదు.

ఈ మాట తెలుగువాళ్ళకు వివరించి చెప్పాల్సిన అవసరం లేదు. విజయవాడ ఆకాశవాణి నిలయ విద్వాంసులు మనకు గుర్తే. ఓలేటి వెంకటేశ్వర్లు, అన్నవరపు రామస్వామి లాంటివారు నెల జీతం మీద ఒకే కప్పు కింద ఏళ్ళ తరబడి కలిసి పనిచేయబట్టే భక్తిరంజని, సంగీత రూపకాలు ఆ స్థాయికి వచ్చాయి. తర్వాతి తరంలో ఆ కుర్చీలు నిండలేదు. మద్రాసు స్టూడియోల్లో పదుల సంఖ్యలో కూర్చుని వాయించిన వయొలిన్ బృందాలు కీబోర్డు రాకతో కరిగిపోయాయి. ఇవాళ దేశంలో పాశ్చాత్య పద్ధతిలో పూర్తిస్థాయి వృత్తి ఆర్కెస్ట్రా అంటే 2006లో ముంబయి ఎన్‌సీపీఏ కళాకేంద్రంలో పుట్టిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియానే చెప్పుకోవాలి. అందులోనూ విదేశాల నుంచి వచ్చి వాయించేవారే ఎక్కువ. జీతమున్న కుర్చీలు దేశంలో లేనప్పుడు పిల్లవాడికి పదిహేనేళ్ళు చెల్లో నేర్పించడానికి ఏ తల్లిదండ్రులు ముందుకొస్తారు?

ఒపేరా సంపన్నుల కాలక్షేపం, దానికి పన్ను డబ్బెందుకు అని అడిగేవాళ్ళున్నారు. ఇంగ్లిష్ నేషనల్ ఒపేరా జనం భాషలో పాడుతుంది, 21 ఏళ్ళలోపు వాళ్ళకు ఉచితంగా టికెట్లిస్తుంది. ఆ ప్రశ్న వేయాల్సిన చోటు అది కాదు. ఎలాగూ ప్రజల డబ్బు ఇస్తున్నప్పుడు అది ఎవరి చేతికి చేరుతోందో అడగడం ప్రభుత్వాల బాధ్యత. ఎన్ని ఊళ్ళలో ప్రదర్శించారు, ఎంతమంది చూశారు అని అడిగినట్టే, ఎంతమందికి పన్నెండు నెలల జీతం ఇచ్చారని గ్రాంటు పత్రంలోనే అడగాలి. రిహార్సల్ వారాలకు విడిగా కూలీ కట్టాలి. జబ్బుపడ్డ రాత్రికి సగమైనా ఇవ్వాలి. జర్మనీలో సోలో గాయకుల ఒప్పందం పొడిగించనప్పుడు రాతపూర్వకంగా కారణం చూపాలి. ఇవేవీ అసాధ్యమైన కోరికలు కావు, అదే భవనంలో ఆర్కెస్ట్రాకు దశాబ్దాలుగా అమలవుతున్న హక్కులకు దగ్గరివే.

ఇంగ్లిష్ నేషనల్ ఒపేరా 2029 నాటికి మాంచెస్టర్ మహానగర ప్రాంతాన్ని తన ప్రధాన స్థావరం చేసుకుంటానంది. అక్కడి జనానికి ఒపేరా దక్కడం మంచిదే, మనస్ఫూర్తిగా ఆహ్వానించాల్సిందే. అయితే లండన్‌లో ఇల్లూ పిల్లల బడీ ఉన్న కోరస్ గాయని ఏడు నెలల జీతం కోసం మూడొందల కిలోమీటర్ల అవతలికి కాపురం మార్చాలా, లేక మాంచెస్టర్‌లో కొత్త కోరస్‌ను మొదటి నుంచి కూర్చుకోవాలా అన్నది తేల్చాల్సింది ఇప్పుడే. ఆ సంస్థ నాయకత్వం, ఆర్ట్స్ కౌన్సిల్ కలిసి ఆ జవాబును పన్నెండు నెలల ఒప్పందం రూపంలో రాసి ఆ గాయకుల ముందు పెట్టాలి.