ఆటలో మార్కులు – బతుకులో మార్కులు



కంప్యూటర్ గేములంటే తుపాకులు పేల్చడం, కార్లు గుద్దించడం అనే చాలామంది అనుకుంటారు. బుర్ర పెట్టి ఆడే గేములు కూడా ఉన్నాయి. వాటిలో 'రొమాన్స్ ఆఫ్ ద త్రీ కింగ్‌డమ్స్' ఒకటి. జపాన్‌కు చెందిన కోయ్ కంపెనీ 1985లో దీని మొదటి భాగం తెచ్చింది. 2020లో పద్నాలుగో భాగం వచ్చింది. మాలో కొందరం సెలవుల్లో ఈ ఆట ఆడాం. ఆ తర్వాత అందరం కూర్చుని మాట్లాడుకున్న సంగతులే ఈ వ్యాసం.

కథ చైనాది. 184లో పసుపు తలపాగాల తిరుగుబాటుతో హాన్ సామ్రాజ్యం కదిలిపోయింది. 220లో కూలిపోయింది. దేశం వే, షు, వు అని మూడు రాజ్యాలుగా చీలింది. మళ్లీ అంతా ఒక్కటయ్యేసరికి 280 వచ్చింది.

ఆటలో మనం ఒక రాజును ఎంచుకుంటాం. పంటలు పెంచాలి, ధాన్యం నిల్వ చేయాలి, సైన్యాన్ని పోగుచేయాలి, పక్క రాజుతో సంధి చేసుకోవాలి. ఈ పనులన్నీ చేసిపెట్టేది మన కొలువులోని అధికారులు. వాళ్లలో ఒక్కొక్కరికి నాయకత్వం, యుద్ధం, తెలివి, పాలన, ఆకర్షణ అని నూటికి ఇన్నని మార్కులుంటాయి. చాలా భాగాల్లో జూగే లియాంగ్‌కు తెలివిలో 100, ల్యూ బూకు యుద్ధంలో 100. అచ్చం మన ప్రోగ్రెస్ కార్డే!

ఈ ఆటలో మాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఏ వంశంలో పుట్టాడన్నదానికి మార్కులు లేవు. షు రాజ్యం స్థాపించిన ల్యూ బే రాజవంశీకుణ్ణని చెప్పుకున్నా, చిన్నప్పుడు తల్లితో కలిసి చెప్పులు అమ్మి, చాపలు అల్లి బతికినవాడే. త్సావ్ త్సావ్ 210లో ఒక ఆజ్ఞ ఇచ్చాడు. సామర్థ్యం ఉంటే చాలు, కొలువులోకి తీసుకోండని దాని సారాంశం. ఆట ఆ మాట మీదే నడుస్తుంది.

చరిత్ర మాత్రం అలా నడవలేదు. పదేళ్లకే, 220లో, చెన్ చున్ సలహాతో వే రాజ్యంలో తొమ్మిది తరగతుల పద్ధతి వచ్చింది. ప్రతి ప్రాంతంలో ఒక అధికారిని పెట్టి, అక్కడి మనుషులకు ఒకటి నుంచి తొమ్మిది దాకా తరగతులు ఇప్పించారు. ఆ తరగతిని బట్టే ఉద్యోగం. తరగతులు ఇచ్చేవాళ్లు పెద్ద కుటుంబాల వాళ్లు. అందువల్ల పోనుపోను పై తరగతులన్నీ పెద్ద కుటుంబాలకే దక్కాయి. సామాన్యుడి బిడ్డ పైకి రావడం గగనమైంది. సుయ్ వంశం కాలంలో (581–618) ఈ పద్ధతి పోయి పరీక్షలు మొదలయ్యాయి. ఆ పరీక్షలకు చదివే స్తోమత అందరికీ లేదన్నదీ నిజమే. అయినా తాత పేరు చూసి తరగతి ఇవ్వడం కన్నా అది ఎంతో మేలు.

ఇప్పుడు డెంగ్ ఐ సంగతి చూద్దాం. ఆటలో ఇతనికి పెద్ద పెద్ద అంకెలుంటాయి. కానీ అతను చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నాడు. దూడలు కాశాడు. పైగా నత్తి. ఆ నత్తి వల్లనే మంచి ఉద్యోగానికి పనికిరాడని, పొలాల్లో గడ్డికి కాపలా పెట్టారు. ఎక్కడ కొండ కనిపించినా, చిత్తడి నేల కనిపించినా ఇక్కడ దండు దిగితే ఎలా ఉంటుందని లెక్కలు వేసేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవారు. ఒకసారి పనిమీద వెళ్లి సిమా యీ కంట పడ్డాడు. అంతే, దశ తిరిగింది. హువాయ్ నది ప్రాంతంలో కాలువలు తవ్వించి పంటలు పండించాడు. 263లో మనుషులు తిరగని కొండదారిలో సైన్యాన్ని నడిపించి షు రాజ్యాన్ని లొంగదీశాడు. మరుసటి ఏడాదే రాజద్రోహి అన్న నింద మీద చంపేశారు. అది వేరే కథ.

ల్యూ మెంగ్ కూడా అంతే. చదువు లేని సిపాయి. రాజు సున్ చ్యువాన్ చదువుకోమంటే, దండు పనులతో తీరిక ఎక్కడిదన్నాడు. నాకన్నా నీకు పనెక్కువా అని రాజు అడిగేసరికి పుస్తకం పట్టాడు. కొన్నాళ్లకు అతని మాట తీరు చూసి పాత స్నేహితులే ఆశ్చర్యపోయారు.

మేము చెప్పదలచుకున్నది ఇదే. ఆటలో ల్యూ మెంగ్‌కు వేసిన తెలివి మార్కు చదువుకున్న తర్వాతి మనిషిది. డెంగ్ ఐకి వేసిన మార్కు షును గెలిచిన సేనాపతిది. దూడలు కాసే రోజుల్లో అతనికి ఎవరైనా మార్కు వేసి ఉంటే ఎంత వేసేవారు? కథ ముగిశాక మార్కులు వేయడం సులువు. కథ నడుస్తుండగా ఒక పిల్లవాడి మీద అంకె వేసి, నీ బతుకింతే అనడం అన్యాయం. "వీడికి లెక్కలు రావు", "వీడు మొద్దు" అనే మాటలు మన చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. ఆ మాటలు నమ్మి పెట్టె సర్దుకుని ఇంటికి పోయేవాళ్లూ ఉంటారు. అలా పోవద్దు తమ్ముళ్లూ!

ఇంకొక మాట. డెంగ్ ఐకి మార్కులున్నాయి. ఆ కాలువలు తవ్విన వాళ్లకు లేవు. ఆటలో వాళ్లందరూ కలిసి 'జనాభా' అనే ఒక్క అంకె. 157 నాటి హాన్ లెక్కల్లో 5 కోట్ల 64 లక్షల మంది ఉన్నారు. 280 నాటి లెక్కల్లో 1 కోటి 61 లక్షలే. అంతమందీ చనిపోలేదు. యుద్ధాల్లో, కరువుల్లో, రోగాల్లో పోయినవాళ్లు పోగా, ఊళ్లు వదిలి పారిపోయిన వాళ్లు, పెద్దల పంచన చేరి బతికిన వాళ్లు చిట్టాలో లేకుండా పోయారు. మన అమ్మానాన్నల లాంటి వాళ్లే వాళ్లూ. రాజుల పేర్లు బట్టీ పట్టే మనం వాళ్ల గురించి కూడా ఒక్క క్షణం ఆలోచించాలి.

ఆట ఆడవద్దని మేము అనం. చదువు చూసుకుని ఆడండి. ఆడాక అట్లాసు తీసి ఆ నదులు, కొండలు ఎక్కడున్నాయో వెతకండి. ఎవరికి మార్కులున్నాయి, ఎవరికి లేవు, వేసిందెవరు అని అడగండి. పక్క మంచం మీద పడుకునే మిత్రుడికి మాత్రం మీరు మార్కులు వేయకండి. రాని లెక్క నేర్పండి.