బిగుసుకుపోతే పనికిరానట్టేనా?

పైలట్ కావాలంటే పుట్టుకతోనే గుండెదిటవు ఉండాలట. గాల్లో ఒక్కసారి బిగుసుకుపోయినవాణ్ణి ఇంటికి పంపేస్తే వాడికీ ప్రయాణికులకీ మేలట. ఫ్లయింగ్ స్కూళ్ల చుట్టూ బాగా చెల్లుబాటయ్యే మాట ఇది. దీనికి తోడు ఇంకోటి: నాలుగు తిడితే వాడే దారికొస్తాడని. మొదటిది తప్పు. రెండోది తప్పే కాదు, ప్రమాదం కూడా.

అసలు ఏం జరుగుతుందో చూడండి. సెస్నా 172 అనే చిన్న విమానంలో స్టాల్ పాఠం, అంటే రెక్కలు విమానాన్ని మోయలేకపోయే స్థితి గురించి. బాగా ఎత్తున పవర్ తగ్గించి ముక్కు పైకెత్తుతూ పోతే హారన్ మోగుతుంది, కంట్రోల్స్ పట్టు తప్పుతాయి, ఒక రెక్క వాలుతుంది. అప్పుడు ముక్కు దించాలని ట్రైనీకి తెలుసు. పొద్దున బ్రీఫింగ్‌లో గడగడా అప్పజెప్పాడు కూడా. తీరా కిటికీ నిండా నేల కనిపించేసరికి విమానాన్ని నడిపే యోక్‌ను గుండెలకేసి లాక్కుంటాడు. మోచేతులు కొయ్యబారతాయి. పక్క సీట్లోంచి చెప్పే మాట చెవికెక్కదు. పడిపోతున్నప్పుడు చేతికందినదాన్ని గట్టిగా పట్టుకోవడం ఒంటికి తెలిసిన విద్య. విమానం కోరేది దానికి పూర్తిగా తలకిందులు. సాధనతో తప్ప రానిది ఇంకా రాలేదని ధైర్యానికి సున్నా వేస్తే ఎలా? చెవికెక్కని స్థితిలో ఉన్నవాడిమీద అరిస్తే, మర్నాటి నుంచి వాడు స్టాల్‌తో పాటు ఇన్‌స్ట్రక్టర్‌కీ భయపడతాడు.

ఈ తగువు వందేళ్ల నాటిది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటన్‌లో శిక్షణలోనే కుర్రాళ్లు రాలిపోతుంటే, గిరగిరా తిరుగుతూ పడిపోయే స్పిన్ లాంటివాటి జోలికి పోకపోవడమే క్షేమమనుకునేవారు. 1917లో గాస్‌పోర్ట్‌లో రాబర్ట్ స్మిత్-బారీ అనే సైనిక పైలట్ ఆ పద్ధతిని తిరగేశాడు. అవ్రో 504 విమానంలో ఇద్దరికీ కంట్రోల్స్, గురువు మాట శిష్యుడి చెవిదాకా చేరేలా ఒక గొట్టం. ప్రమాదకరమైన విన్యాసాలను పనిగట్టుకుని చేయించి, వాటినుంచి బయటపడడం చేతికి అలవాటు చేశాడు. అంతటితో ఆగక ఇన్‌స్ట్రక్టర్లకే బడి పెట్టాడు. రోగం ఏ సీట్లో ఉందో ఆయనకు బాగా తెలుసు.

బలహీనుల్ని ఏరేయకపోతే రేపు జనాన్ని చంపుతారు కదా అనేవాళ్లు 2009 ఫిబ్రవరిలో అమెరికాలోని బఫెలో దగ్గర కూలిన కోల్గన్ ఎయిర్ సంస్థ విమానాన్ని చూపిస్తారు. స్టాల్ హెచ్చరిక రాగానే కెప్టెన్ స్టిక్ వెనక్కి లాగాడు, 50 మంది పోయారు. ఆయన అంతకుముందు కొన్ని పరీక్షలు తప్పిన మాటా నిజమే. కానీ అమెరికా దర్యాప్తు సంస్థ ఆ లాగడాన్ని ఉలికిపాటు, గందరగోళం కిందే లెక్కగట్టింది. తప్పినవాళ్లకు లోపం సరిదిద్దే ప్రత్యేక శిక్షణ, అదనపు పర్యవేక్షణ ఉండాలంది. అదే ఏడాది జూన్ 1న అట్లాంటిక్‌లో పడిన ఎయిర్ ఫ్రాన్స్ 447లోనూ వేగం రీడింగులు దెబ్బతినగానే స్టిక్ వెనక్కే వచ్చింది. 228 ప్రాణాలు. అక్కడ కూర్చున్నవాళ్లు జల్లెడలన్నీ దాటి, వేల గంటలు ఎగిరినవాళ్లే.

మరి చెయ్యాల్సిందేమిటి? నేల దగ్గరైతే పాఠం లేదు, బుజ్జగింపు లేదు. “ఐ హ్యావ్ కంట్రోల్” అని వెంటనే తీసుకోవాలి. ఎత్తు చేతిలో ఉంటే విమానాన్ని సరిచేసి, కాసేపు ఊరుకుని, పేరు పెట్టి పిలిచి చిన్న పని చెప్పాలి. ఆల్టీమీటర్ ఎంత చూపిస్తోందో చదవమనాలి. గొంతు మామూలైతే, అదే సార్టీలో కంట్రోల్స్ మళ్లీ చేతికివ్వాలి. ఓడిపోయిన చేతులతో కిందికి దింపకూడదు. మర్నాడు హారన్ వరకే, తర్వాత పూర్తి స్టాల్. ఇంత ఓపిక పట్టినా మారనివాళ్లు కొందరుంటారు. వాళ్లకు ఆ సంగతి డబ్బంతా అయిపోకముందే, మర్యాదగా చెప్పాలి.

డబ్బు మాట ఊరికే అనలేదు. మన దేశంలో కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి, ప్రతి గంటకూ బిల్లుంది. పొలం తాకట్టు పెట్టి పంపిన ఇంటి పిల్ల, పనికిరావంటారని తెలిస్తే, భయమేస్తోందని నోరు విప్పుతుందా? దాచుకుంటుంది. దాచుకున్న భయంతోనే సోలోకి, అంటే ఒంటరిగా ఎగరడానికి, వెళ్తుంది. ఏరివేత వాదం చేసే అసలు హాని ఇదే.

పిల్లల్ని పైలట్ శిక్షణకు పంపే తల్లిదండ్రులు విమానాలెన్ని, హాస్టలెలా ఉందని అడుగుతారు. అడగండి. దాంతో పాటే, గాల్లో మా పిల్ల బిగుసుకుపోతే మీ ఇన్‌స్ట్రక్టర్ ఏం చేస్తాడనీ అడగండి. తిన్నగా జవాబు చెప్పలేని చోట ఫీజు కట్టకండి.