నిద్రమాత్రల విరమణము

అల్ప్రజోలాము, డయాజెపాము మొదలయిన మందులను విక్రయించువారు వైద్యుని పేరును, రోగి పేరును, ఇచ్చిన పరిమాణమును ప్రత్యేకపు పుస్తకములో వ్రాసి మూడు సంవత్సరములు భద్రపరచవలెనని 2014 మార్చి 1వ తేది నుండి శాసనము అమలులో నున్నది. షెడ్యూలు హెచ్-1 అని దాని పేరు. శాసనము మంచిదే. అది ఎంతవరకు పాటింపబడుచున్నదో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. మా ఆక్షేపణ వేరు. ఈ శాసనము మందు ఇంటిలోనికి వచ్చు వాకిటికి కావలి పెట్టినది. ఏండ్ల తరబడి ఆ మందునకు అలవాటుపడిన దేహము దానినుండి వెలువడు దారి ఏదో చెప్పలేదు.

మెదడులో ఉద్రేకమును అణచు గాబా అను సహజద్రవ్య మొకటి గలదు. ఈ మాత్రలు దాని బలమును హెచ్చించును. నిత్యమును ఈ సహాయమందుచుండగా మెదడు తన సొంత కట్టుబాటును సడలించుకొనును. అట్టి స్థితిలో మాత్ర ఒక్కసారిగా మానినచో, గండిపడిన చెరువువలె ఉద్రేకము పొంగును. నిద్ర మునుపటికంటెను చెడును, చేతులు వణకును, చెమట, గుండెదడ, చిన్న చప్పుడునకే ఉలికిపాటు కలుగును. తీవ్రమైనచో మూర్ఛలును మతిభ్రమయు వచ్చును; ప్రాణాపాయమును కలుగవచ్చును. అల్ప్రజోలాము దేహములో సగము తరుగుటకు సుమారు 11 గంటలు పట్టును గావున ఒకటి రెండు దినములలోనే బాధ ఆరంభమగును. డయాజెపాము మెల్లగా పోవును. బాధయు ఆలస్యముగా తలయెత్తును. “నాలుగు దినములైనది, ఏమియు కాలేదు” అను ధైర్యము అక్కడ చెల్లదు.

ఇది నేడు కనిపెట్టిన సంగతి కాదు. ఈ జాతి మందులలో మొదటిదైన లిబ్రియము 1960లో బజారునకు వచ్చినది. మరుసటి సంవత్సరమే అమెరికాలో హాలిస్టరు అను వైద్యుడును ఆయన సహచరులును, అధిక మోతాదులో దానిని వాడుచున్న 11 మందికి హఠాత్తుగా నిలిపి చూడగా, 10 మందికి క్రొత్త బాధలు కలిగినవి. ఇద్దరికి మూర్ఛలు వచ్చినవి. అయినను 1963లో వాలియము వచ్చి ప్రపంచమంతట అమ్ముడుపోయినది. అలవాటును, విరమణబాధలను గూర్చి ఈ మందులన్నిటిపైని అతి తీవ్రమైన హెచ్చరికను ముద్రింపవలెనని అమెరికా ఔషధశాఖ ఆజ్ఞాపించినది 2020లో! ఇంత ఆలస్యమునకు జవాబుదారీ ఎవరు?

తెలంగాణమువారికి ఈ పాఠము మరియొక విధమున వచ్చినది. 2015 సెప్టెంబరులో కల్తీకల్లుపై దాడులు సాగినవి. ఆ కల్లులో కలుపుచుండినవి అల్ప్రజోలాము వంటి మందులే. సరఫరా నిలిచినంతనే నిజామాబాదు, మహబూబునగరు జిల్లాలలో నిత్యము త్రాగువారు వణకుచు, మూర్ఛిల్లుచు, పొంతనలేని మాటలాడుచు ఆసుపత్రులకు చేరిరి. కల్తీని అరికట్టుట న్యాయమే. ఆసుపత్రులను ముందుగా సిద్ధపరచుటయు న్యాయమే గదా! తల్లి మాత్రల డబ్బాను కోపముతో వీథిలోనికి విసరివేయు కుమారుడు తన యింటిలో అదే పనిని చేయుచున్నాడు.

కావున వైద్యునితో చెప్పక మానరాదు. అమెరికాలోని పెక్కు వైద్యసంఘములు కలిసి 2025లో ప్రకటించిన సూచనల ప్రకారము, మొదట రెండు మొదలు నాలుగు వారముల కొకసారి మోతాదులో నూటికి 5 మొదలు 10 వంతులు తగ్గించి చూడవలెను. రెండు వారములలో నూటికి 25 వంతులకు మించి తగ్గింపరాదు. ఉన్న మోతాదులో పదవవంతు తగ్గించు పద్ధతిలో, 10 మిల్లీగ్రాములు 9 అగును, పిమ్మట 8.1 అగును. అడుగు చిన్నదగుకొలది దేహము ఓర్చుకొనును. ఇంగ్లండులోని న్యూకాసిలులో 1982 నుండి 1994 వరకు విరమణ చికిత్సాలయమును నడపిన హెదరు యాష్టను అను వైద్యురాలు, త్వరగా తరుగు మందునుండి డయాజెపామునకు రోగిని క్రమముగా మార్చి, పిమ్మట దానిని మెల్లగా తగ్గించెడిది. దీనికి నెలలు పట్టును. కొందరికి సంవత్సరమును దాటును. పూర్వము మూర్ఛలు వచ్చినవారును, మద్యపానపరులును, గర్భిణులును ప్రత్యేకమైన వైద్యపర్యవేక్షణ లేనిదే ఈ పనికి పూనుకొనరాదు. దీర్ఘకాలము వాడిన స్టెరాయిడ్లను, మనోవ్యాకులతకిచ్చు మందులను గూడ ఇట్లే హఠాత్తుగా మానరాదు. వాని లెక్కలు వేరు.

నడుమ బాధ హెచ్చినచో వైద్యునితో సంప్రదించి అదే మోతాదుపై కొన్నాళ్ళు నిలువవచ్చును. అది ఓటమి కాదు. మాత్రకు బదులు సారాయి పుచ్చుకొనుట నిప్పునుండి పొయ్యిలో పడుటయే. ప్రతిదినము ఒకే వేళకు లేచుట, మధ్యాహ్నము పిమ్మట కాఫీ మానుట, నిద్ర రానిచో పక్క విడిచి లేచుట చిన్న సంగతులుగా తోచును గాని, మందులేని నిద్రచికిత్స చాలవరకు వీనిపైననే నిలిచియున్నది. మునుపెన్నడును లేని వణకు, వెలుతురును సహింపలేకపోవుట వంటి లక్షణములను చూచి “పాత జబ్బు తిరుగబెట్టినది” అని బంధువులు తొందరపడరాదు. అవి విరమణబాధలు కావచ్చును. మూర్ఛ, మతిభ్రమ, ఆత్మహత్యాచింత కనబడినచో గడియయు జాగుచేయక ఆసుపత్రికి చేర్పవలెను. మనోవేదనలో సలహాకై 2022 అక్టోబరు నుండి నడచుచున్న ప్రభుత్వ టెలీమానస్ సంఖ్య 14416.

మేము ప్రభుత్వమును, వైద్యులను కోరునవి రెండు. జిల్లా ఆసుపత్రులలో వారమున కొక దినమైనను విరమణ చికిత్సకు కేటాయింపవలెను. వైద్యుడు మొదటినాటి చీటీలోనే, మందు ఎన్ని వారములకో, ఏ తేదినుండి ఎట్లు తగ్గింపవలెనో వ్రాసి ఇవ్వవలెను.