మరమ్మతు నిలిచిన నాడు

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10నకు మైక్రోసాఫ్ట్ సంస్థవారి ఉచిత మరమ్మతులు ముగిసినవి. ఆ మఱునాడు ఏ యింటను, ఏ కచేరీయందును కంప్యూటరు ఆగిపోలేదు. డీటీపీ కేంద్రములలో పెండ్లిపత్రికలు ఎప్పటివలెనే కూర్పబడినవి, జిరాక్సు దుకాణములలో ఆధార్ నకళ్ళు ఎప్పటివలెనే వెలువడినవి. ఏదియు ఆగకపోవుటచేతనే ఈ ముగింపును పట్టించుకొనినవారి సంఖ్య బహు స్వల్పము. పట్టించుకొనిన ఆ కొలదిమందిని రెండు సందేహములు వేధించుచున్నవి: తమ యంత్రములోనిది అసలు విండోసా, నకిలీయా యనునది మొదటిది, విండోస్ 11నకు మారవలెనా, మానవలెనా యనునది రెండవది. ఈ రెండింటిని వేర్వేరుగా విచారించుట సరికాదని నా యభిప్రాయము. రెండింటి వెనుక నున్న ప్రశ్న యొక్కటే: ఈ యంత్రమునకు ఇకపై మరమ్మతు చేయువారెవరు?

సాఫ్ట్‌వేరు బియ్యపు బస్తావలె ఇంటికి చేరినతోడనే బేరము తీరిపోవు వస్తువు కాదు. కోట్లకొలది పంక్తులలో వ్రాయబడిన అట్టి నిర్మాణమందు, వ్రాసినవారికే తెలియని లోపములుండుట సహజము. వానిని దుండగులు వెదకి పట్టుకొనుటయు, కర్తలు ముందుగా పట్టుకొని పూడ్చుటయు ఎడతెగక సాగుచుండును. ప్రతినెల రెండవ మంగళవారమునాడు మైక్రోసాఫ్ట్ విడుదల చేయు అప్‌డేట్లు ఇట్టి పూడికలే. వాని విలువ 2017వ సంవత్సరమున లోకమునకు తెలిసివచ్చినది. విండోసులో ఫైళ్ళను ఒక కంప్యూటరు మఱియొక కంప్యూటరుతో పంచుకొను భాగమందలి ఒక లోపమునకు ఆ యేడు మార్చి 14న మరమ్మతు విడుదలయ్యెను. మే 12న వానాక్రై యను దుష్ట ప్రోగ్రాము సరిగా ఆ లోపముగుండనే ప్రవేశించి, సుమారు 150 దేశములలో కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళములు వేసి, తీయుటకు బిట్‌కాయిన్ల రూపమున సొమ్మడిగెను. బ్రిటనులో ఆసుపత్రులు రోగులను త్రిప్పి పంపవలసి వచ్చెను. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లును దాని వాతబడెను. 2014 ఏప్రిల్ 8తోనే మరమ్మతులు నిలిచిపోయిన విండోస్ ఎక్స్‌పీయే ఆనాడు ప్రధానముగా నష్టపోయినదని నేటికిని చాలమంది తలంతురు. అది నిజము కాదు. దెబ్బతిన్న యంత్రములలో అత్యధికము విండోస్ 7తో నడచుచున్నవి. వానికి మరమ్మతు రెండునెలల ముందే సిద్ధమై యుండియు, వేయించుకొనువారు లేకపోయిరి.

వేయించుకొనకపోవుటకు పెద్ద సంస్థలకు ఉండు కారణములు వేఱు. మన ఊళ్ళలో కారణమేమో కంప్యూటరు బాగుచేయు కుఱ్ఱవాడు ఫార్మాటు కొట్టి, విండోస్ వేసి, కూలి పుచ్చుకొని పోవుచు చెప్పు చివరి మాటలో నున్నది: "అప్‌డేట్లు ఆపేశానండి, మళ్ళీ ఆన్ చేయకండి, చేస్తే క్రాక్ పోతుంది." భద్రతకు సంబంధించిన ముఖ్య మరమ్మతులను నకిలీ ప్రతులకు సైతము అందనిచ్చుటయే మైక్రోసాఫ్ట్ చిరకాలముగా పాటించుచున్న పద్ధతి, అనగా వాకిలి మూసినది కంపెనీ కాదు, తన దొంగతాళమును కాపాడుకొనుటకై వాడుకరి తానే మూసికొనుచున్నాడు. ఇంతకంటె విపరీతమైనది మఱొకటి కలదు. విండోసును 'యాక్టివేట్' చేయుదుమని చెప్పు క్రాకు ప్రోగ్రాములలో పెక్కింటి మొట్టమొదటి ఆదేశము, కంప్యూటరులోని యాంటీవైరసును ఆపివేయుమనుట. అజ్ఞాతుడు వ్రాసిన ప్రోగ్రామునకు యంత్రముపై సర్వాధికారము నిచ్చి, పైగా కావలిని తొలగించి, ఆ యంత్రముననే బ్యాంకు ఖాతా తెఱచువారి ధైర్యమునకు నేను విస్మయము నొందుచుందును.

ఇక నకిలీని గుర్తించు విధము. సెట్టింగులలో యాక్టివేషన్ యనుచోట 'యాక్టివ్' అని కనబడినంతమాత్రమున అసలని నిశ్చయింపరాదు. క్రాకు చేయు పనియే అట్లు కనబడజేయుట. కమాండ్ ప్రాంప్టులో 'ఎస్‌ఎల్‌ఎమ్‌జీఆర్' ఆదేశమును 'డీఎల్ఐ' యను గుర్తుతో ఇచ్చినచో ఆ ప్రతి ఏ మార్గమున వచ్చినదో తెలియును: చిల్లరగా కొన్నదా, కంప్యూటరు తయారీదారు వేసినదా, సంస్థలకు మొత్తముగా ఇచ్చు వాల్యూమ్ లైసెన్సా యని. ఇంటి కంప్యూటరులో వాల్యూమ్ లైసెన్సు కనబడి, 180 దినముల గడువు మాటిమాటికి పునరుద్ధరింపబడుచుండినచో, ఏదో కార్యాలయమునకు ఉద్దేశింపబడిన పద్ధతిని అక్కడ దొంగచాటుగా అమర్చినారని దాదాపు నిశ్చయింపవచ్చును. అయితే శాశ్వత లైసెన్సువలె కనబడు క్రాకులును నేడున్నవి గనుక, ఈ పరీక్షలో దొరకనిదెల్ల అసలని భ్రమపడరాదు. పూర్వము బ్రాండెడ్ కంప్యూటర్ల వెనుక 25 అక్షరముల కీతో ఒక చీటీ యంటించెడివారు. విండోస్ 8 నాటినుండి ఆ కీని తయారీదారులు మదర్‌బోర్డులోనే నిక్షేపించుచున్నారు. కావున లాప్‌టాపుపై కీ కనబడనంతమాత్రమున నకిలీయని భయపడనక్కఱలేదు. ఇంటర్నెట్టులో వేలరూపాయల విండోసును కొన్నివందలకే అమ్మజూపువారి సంగతి మఱింత చిత్రమైనది. ఆ కీ తఱచు అసలుదే యగును, దానిని అమ్ము హక్కు మాత్రము అమ్మువానికి ఉండదు. ఏనాడో ఒకనాడు కంపెనీ దానిని రద్దు చేసినచో అడుగుటకు ఆ యమ్మినవాడును ఉండడు. యంత్రమును ఎంత పరీక్షించినను తేలని సంగతిని బిల్లు ఒక్కటి తేల్చివేయును.

చట్టము సంగతి క్లుప్తముగా చెప్పెదను. నకిలీయని తెలిసియు కంప్యూటరు ప్రోగ్రామును వాడుట 1957 నాటి కాపీరైటు చట్టములోని 63బి సెక్షను ప్రకారము నేరము. శిక్ష ఏడు దినములకు తగ్గని, మూడేండ్లకు మించని కారాగారము, 50,000 రూపాయలకు తగ్గని, రెండులక్షలకు మించని జరిమానా. లాభాపేక్షగాని వ్యాపారముగాని లేనిచోట న్యాయస్థానము కారాగారమును మినహాయింపవచ్చును. నీతి విషయమున మాత్రము కంపెనీల ఉపన్యాసములను నేను యథాతథముగా స్వీకరింపజాలను. ప్రోగ్రాములను డబ్బియ్యక నకలు తీసికొనువారిని దొంగలని నిందించుచు 1976 ఫిబ్రవరిలో బహిరంగలేఖ వ్రాసిన బిల్ గేట్సే, 1998లో చైనాను గూర్చి మాటలాడుచు, ఎట్లును దొంగిలింపనున్నవారు తమ సరకునే దొంగిలించిన మేలని భావము వచ్చునట్లు పలికినాడు. నకిలీ ప్రతులు అలవాటును పెంచును, అలవాటు విపణిని పెంచును. ఈ లెక్క వారికి తెలియనిది కాదు.

అదే కంపెనీ 2021 అక్టోబరు 5న విండోస్ 11ను విడుదల చేయుచు, టీపీఎం 2.0 అను భద్రతా చిప్పును, ఇంటెల్ ప్రాసెసర్లలో రమారమి ఎనిమిదవ తరమును కనీసార్హతలుగా విధించినది. దీనివలన నిక్షేపముగా పనిచేయుచున్న అసంఖ్యాక యంత్రములు ఒక్క కలముపోటుతో అనర్హములైనవి. భద్రతకై అవసరమని సంస్థ చెప్పు కారణము అసత్యము కాకపోవచ్చును గాని, అప్పుచేసి కుమార్తె చదువునకు లాప్‌టాపు కొన్న గృహస్థునకు అది సమాధానము కానేరదు. అట్టివాడు తొందరపడి క్రొత్త యంత్రమును కొనక, ముందుగా టీపీఎం తన యంత్రములో నుండియు బయాసు సెట్టింగులలో ఆపివేయబడియున్నదేమో చూపించుకొనవలెను. పలు యంత్రములలో అదియే జరిగినది. అర్హత యున్నచో, అసలు విండోస్ 10 గలవారికి విండోస్ 11 ఉచితము గనుక మారుటయే మేలు. అర్హత లేనిచో, 2026 అక్టోబరు 13వ తేదీ వఱకు భద్రతా మరమ్మతుల నందించు పథకమొకటి గృహ వినియోగదారులకై కలదు. అటుపిమ్మట లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థను వేసికొనుట ఉత్తమము. లేఖలు వ్రాసికొనుటకు, లెక్కలు చూచికొనుటకు, ఇంటర్నెట్టు వాడుటకు అది యథేష్టముగా చాలును, ఆఫీసుపనికి లిబ్రేఆఫీస్ ఉండనే యున్నది. క్రొత్తది వచ్చినదని మారుట వ్యసనము. పాతదానికి మరమ్మతు నిలిచినప్పుడు మారుట వివేకము. రంగుల హంగులు చూపి మారుమను ప్రకటనలతో మనకు పనిలేదు, మరమ్మతు నిలుచు తేదీని మాత్రము గుర్తుంచుకొన్న చాలును.

ఈ సూత్రమునకు ఒక మినహాయింపును నేను మనస్ఫూర్తిగా అంగీకరింతును. అది మన తెలుగు ముద్రణారంగమునకు చెందినది. పుటలు కూర్చు పేజ్‌మేకర్ అను ప్రోగ్రామునకు 2001లో వచ్చిన 7.0 తుది రూపము. అడోబీ సంస్థ ఇన్‌డిజైనును ముందునకు తెచ్చి దానిని అక్కడనే విడిచిపెట్టినది. అయినను మన కూర్పరులు తరువాతి రెండు దశాబ్దములును దానియందే పుస్తకములు, వారపత్రికలు, కరపత్రములు కూర్చినారు. అన్ని భాషల అక్షరములకును ఒకే సంకేతపట్టికయైన యూనికోడ్ దానికి తెలియదు. కావున ఒక్కొక్క ఖతుల కంపెనీ తన యిష్టము వచ్చినట్లు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు ముక్కలను ఇమిడ్చినది. ఆ ఫైళ్ళను ఆ ఖతులు లేని క్రొత్త యంత్రమున తెఱచినచో తెలుగునకు బదులు అర్థములేని సంకేతములు కనబడును. ముప్పదియేండ్ల గ్రంథసంపద అందులో చిక్కుకొనియుండగా, ప్రచురణకర్తను నవీకరింపుమని తొందరపెట్టుట అవివేకము. అతడు పాత కంప్యూటరును ఇంటర్నెట్టునుండి పూర్తిగా విడదీసి, పాత ఫైళ్ళ కొఱకే అట్టిపెట్టుకొని, వానిని క్రమక్రమముగా యూనికోడునకు మార్పించుకొనవలెను. క్రొత్త పుస్తకములను మాత్రము మొదటినుండియు యూనికోడులోనే కూర్పింపవలెను. ఇందుకు ధనాభావము అడ్డురానక్కఱలేదు. పుటలు కూర్చు స్క్రైబస్ ప్రోగ్రాము ఉచితము, సూరన్న, రామభద్ర, గురజాడ, గిడుగు అను పేర్లతో వెలసిన ఖతులును ఉచితములే. గ్రాంథికముపై జీవితాంతము పోరాడిన గిడుగువారి పేరిటి ఖతిలో ఈ వ్యాసమును కూర్చినచో ఆయన ఆత్మ ఏమనుకొనునో గాని, ఖతి మాత్రము అభ్యంతరము చెప్పదు.

పాఠకులకు నా విన్నప మొక్కటి. ఈసారి మీరు కంప్యూటరు కొనునపుడు, అది సెకండ్ హ్యాండుదైనను సరే, విండోస్ లైసెన్సును, దాని ధరను బిల్లుపై వేఱుగా వ్రాసి యిమ్మని అడుగుడు. వ్రాయనన్న దుకాణమున యంత్రమును మాత్రమే కొని, విండోస్ వలదని చెప్పి, లినక్స్ వేయించుకొనుడు.